కుటుంబపు ఫొటోలో బిడ్డను పట్టిన చేయి

పూర్వము ఉగాదికి బంధువుల నుండి ఉత్తరము వచ్చేది. ఇప్పుడు ఫొటో వస్తున్నది. ఈ కొన్ని సంవత్సరములలో అమెరికా దేశపు అరిజోనా రాష్ట్రములోని చాండ్లర్ పట్టణము నుండి వచ్చిన కుటుంబ ఛాయాచిత్రములు మేము చాలా చూచినాము. ఆంధ్రదేశము నుండి నేరుగా అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగువారివి కొన్ని, మన దీవివారితో బంధుత్వము కలిసినవారివి కొన్ని. అన్నిటిలోను తల్లి, తండ్రి, ఒకరో ఇద్దరో పసిపిల్లలు. నాటకమును విమర్శించినాము, హరికథను విమర్శించినాము, రామభజన రాత్రులలో తాళము తప్పినవారిని సయితము వదలలేదు. ఇంటి గోడమీద యాభై సంవత్సరములు వ్రేలాడవలసిన పటమును మాత్రము మంచిచెడ్డలు చెప్పక విడిచిపెట్టుట ఏల?

ఈ ఫొటోలకు ఒక వరస ఏర్పడినది. తల్లిది లేత రంగు గౌను, తండ్రిది అదే ఛాయ చొక్కా, పిల్లలకు ఆ రెండింటికి అమరిన బట్టలు. వెనుక ఎడారి, చేతులెత్తి నిలుచున్న సాగువారో జెముడు చెట్లు, దూరమున కొండల వరుస. సమయము సూర్యుడు క్రుంకుటకు ముందు గంట. ఫొటోగ్రాఫర్లు దానికి బంగారు గడియ అని పేరు పెట్టుకొన్నారు. ఎవరును కెమెరా వైపు చూడరు. తల్లి తండ్రిని చూచి నవ్వుతుంది, తండ్రి బిడ్డను చూచి నవ్వుతాడు, బిడ్డ ఆకాశములో ఉంటుంది. అవును, ఆకాశములోనే. తండ్రి ఎగురవేసిన బిడ్డ గాలిలో ఉన్న క్షణమున మీట నొక్కుట ఈ వరసలో ముఖ్యమైన ఘట్టము.

మెచ్చుకొనవలసినది ముందు చెప్పుదుము. ఆ వేళ వెలుగు ఏటవాలుగా, మెత్తగా పడుతుంది గనుక పిల్లలు కన్నులు చికిలించరు. ఫొటోగ్రాఫరు మోకాళ్లమీద కూర్చుండి బిడ్డ కన్నుల ఎత్తునకు కెమెరాను దించుతున్నాడు. పూర్వపు స్టూడియోలలో పెద్దవారి ఎత్తు నుండి తీసిన ఫొటోలలో మూడేండ్ల పిల్లవాడు నూతిలో నుండి చూస్తున్నట్లు ఉండేవాడు. ఆ దోషము తీరినది. ఈ వృత్తిలోనికి పిల్లల తల్లులైన స్త్రీలు చాలామంది వచ్చినారు. బిడ్డకు ఆకలి ఎప్పుడు, నిద్ర ఎప్పుడు అని వారు ముందే అడుగుతారు. 1892లో హైదరాబాదులో రాజా దీనదయాళ్ ఘోషా స్త్రీల కొరకు ప్రత్యేకముగా జెనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లస్త్రీ చేతికి అప్పగించినాడు. కెమెరా వెనుక ఎవరున్నారనుదానిని బట్టి తల్లి కూర్చుండు తీరు మారునని ఆయన గ్రహించినాడు.

ఇక మా ఫిర్యాదు. బిడ్డను పట్టిన చేయి ఈ ఫొటోలలో కనబడుట లేదు. ఎగిరిన బిడ్డ క్రిందికి వచ్చునప్పుడు పట్టుకొన్న చేయి, ఏడ్చునప్పుడు వీపు నిమిరిన చేయి, జెముడు చెట్టు వైపు పరుగెత్తబోగా జబ్బ పట్టి లాగిన చేయి, ఇవన్నియు ఫొటో చుట్టుప్రక్కల ఉన్నవి గాని లోపల లేవు. అరిజోనాలో చోయా అని ఒక జెముడు ఉన్నది. ప్రక్కన పోయినవారి బట్టకు చటుక్కున అంటుకొంటుంది గనుక దానిని ఎగిరే చోయా అంటారు. అటువంటి చోట రెండేండ్ల బిడ్డను ఒంటరిగా నిలిపి, లోకములో భయమన్నది లేనట్లు తీసిన ఫొటోలు మేము చూచినాము. చట్రము బయట, గజము దూరమున, చేతులు చాచి ఒక నాయనమ్మ నిలుచునియుండును. ఆమె ఫొటోలో లేదు.

చాండ్లర్ నేల మనబోటివారికి పరాయిది కాదు. అందుచేతనే ఇంత పట్టింపు. అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ అను పశువైద్యుడు 1887లో అరిజోనాకు వచ్చి, భూములు కొని, కాలువలు త్రవ్వించి, 1912లో ఈ ఊరికి స్థలములు అమ్మినాడు. మరుసటి సంవత్సరమే శాన్ మార్కోస్ అను గొప్ప హోటలు తెరచినాడు. మొదటి ప్రపంచయుద్ధకాలమున గుడ్‌ఇయర్ టైర్ల కంపెనీకి టైర్లలోని నేతగుడ్డకు పొడవు పింజ ప్రత్తి కావలసి వచ్చినది. చాండ్లర్‌కు దక్షిణమున వేల ఎకరములు ఆ కంపెనీ ప్రత్తి వేయించినది. కూలీల కొరకు అరిజోనా ప్రత్తి రైతుల సంఘమువారు మెక్సికో నుండి మనుష్యులను కుటుంబములతో సహా ఒప్పందముమీద రప్పించినారు. 1920 చివర ప్రత్తి ధర కూలిపోగా వేలమంది తిండికి, తిరుగుదారి ఖర్చుకు గతిలేక అక్కడనే చిక్కుపడినారు. ఒప్పందము అను మాటకు అర్థము మన ఇండ్లలో ఎవరికిని చెప్పనక్కరలేదు. గుడ్‌ఇయర్ కంపెనీ గ్రామమున్న ప్రాంతమునకే తరువాత ఒకొటియో అని పేరు వచ్చినది. 1980లో చాండ్లర్‌కు వచ్చిన ఇంటెల్ కంపెనీ పెద్ద కర్మాగారములు నేడు ఆ ఒకొటియోలో ఉన్నవి. అందులో పని చేయుచున్న తెలుగు ఇంజనీర్లు ఆదివారము సాయంకాలము పిల్లలను ముస్తాబు చేసి ఫొటో తీయించుకొంటున్న నేల ఒకప్పుడు ప్రత్తి ఏరిన పిల్లల నేల.

ఆ ప్రత్తి ఏరినవారికి కూడ ఫొటోలు ఉన్నవి. వారు తీయించుకొన్నవి కావు, వారిని తీసినవి. చాండ్లర్‌కు నలభై మైళ్ల దరిదాపున ఉన్న ఈలాయ్ అను ఊరిలో 1940 నవంబరులో డొరోతియా లాంగ్ అను ఫొటోగ్రాఫరు ప్రత్తి కూలీలను తీసినది. ఆమె అంతకు ముందు 1936 మార్చిలో కాలిఫోర్నియాలోని నిపోమో వద్ద, బఠాణీ కోతకు వచ్చిన కూలీల మకాములో తీసిన తల్లీబిడ్డల ఫొటో ప్రపంచమంతా ఎరిగినదే. ఒడిలో పసిబిడ్డ, రెండు భుజములమీద ముఖములు అవతలికి త్రిప్పుకొన్న ఇద్దరు పిల్లలు, చెంపకు చేయి ఆనించి దూరముగా చూస్తున్న తల్లి. ఆమె వయస్సు 32 సంవత్సరములు, ఆమెకు అప్పటికి ఏడుగురు పిల్లలు. లాంగ్ వరుసగా కొన్ని ఫొటోలు తీసినది. మొదటి వాటిలో కనబడు పెద్దకూతురు చివరి దానిలో లేదు. చూచువారి మనస్సు చెదరకుండ ఒక్కొక్కరిని తొలగించుచు దగ్గరకు జరిగినదన్నమాట. ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకమునకు తెలియుటకు 1978 వరకు పట్టినది. తన ముఖమును అమ్మి ఎవరో పేరు పొందినారేగాని తనకు పైసా రాలేదని ఆమె బాధపడినది.

ఆ ఫొటోలో మనకు కావలసిన సంగతి ఇంకొకటి ఉన్నది. క్రింద కుడిమూల గుడారపు గుంజను పట్టుకొన్న ఒక బొటనవ్రేలు పడినది. కూర్పు చెడినదని లాంగ్ కొన్నేండ్ల తరువాత ఆ వ్రేలిని నెగటివు మీదనే మాయించివేసినది. తరువాత వేసిన ప్రతులలో ఆ చోట మసక మరక మాత్రము మిగిలినది. ఎంత దయగల కన్నైనను ఈ పని చేయునని గుర్తుంచుకొనవలెను. గుంజను పట్టిన చేయి లేకున్న గుడారము లేదు, గుడారము లేకున్న ఆ తల్లీబిడ్డలకు నీడ లేదు. కాని ఫొటోకు ఆ చేయి అడ్డమైనది!

ఫొటోగ్రఫీకి ఇది పుట్టుకతో వచ్చిన గుణము కావచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున తడి పలకమీద ఫొటో తీయుటకు కొన్ని సెకండ్లు కదలకుండ కూర్చుండవలెను. పసివారు కూర్చుందురా? అందుచేత ఇంగ్లండులోను అమెరికాలోను ఒక ఉపాయము పన్నినారు. తల్లి కుర్చీలో కూర్చుండి బిడ్డను గట్టిగా పట్టుకొనును, ఆమెమీద నిలువునా ఒక దుప్పటి కప్పుదురు. ఫొటోలో కుర్చీమీద బిడ్డ కూర్చున్నట్లు ఉండును. దుప్పటి క్రింద మోకాళ్ల ఆకారము, ఒక్కొక్కప్పుడు మణికట్టు బయటపడును. అటువంటి ఫొటోలు వందలకొలది నేటికిని దొరుకుచున్నవి. చూచినపుడు నవ్వు వచ్చును, తరువాత ఒకవిధమైన జంకు పుట్టును.

నేడు దుప్పటి పోయి కంప్యూటరు వచ్చినది. పుట్టి పది దినములు కాని శిశువు రెండు చేతులమీద గడ్డము ఆనించి, కప్ప కూర్చున్నట్లు కూర్చుండి నిద్రించుచున్న ఫొటోలను చాలామంది చూచియుందురు. ఆ వయస్సు శిశువు మెడ నిలువదు, తల బరువు చేతులు మోయవు. వృత్తి తెలిసినవారు దానిని రెండు ఫొటోలుగా తీయుదురు. ఒకదానిలో పెద్దవారి చేయి తలను పట్టుకొని ఉండును, రెండవదానిలో మణికట్టులను పట్టుకొని ఉండును. పిమ్మట రెండింటిని కలిపి చేతులను చెరిపివేయుదురు. తెలియనివారు ఆ ఫొటో చూచి ఇంటివద్ద శిశువును అట్లే కూర్చుండబెట్ట యత్నించుట ప్రమాదము, తల వాలి ఊపిరికి అడ్డు రావచ్చును. తల్లిదండ్రులు ఆ చెరపని మొదటి ఫొటోను అడిగి పుచ్చుకొనవలెనని మా సలహా. మా కంటికి అదే మంచి ఫొటో.

మన విషయము చూతము. మన పెద్దలకు మొట్టమొదట ఫొటో తీసినది బంధువులు కారు, సర్కారు. 1867 నాటి చట్టము ప్రకారము ఒప్పందకాలము తీరిన ప్రతి పాత వలసదారుడు ముఖచిత్రము అతికించిన టిక్కెట్టు దగ్గర ఉంచుకొనవలెను. లేకున్న పోలీసువారు దేశదిమ్మరియని పట్టి చెరలో వేయుదురు. పోగొట్టుకొన్నచో మరల రుసుము కట్టి తీసికొనవలెను. 1871లో ఆడాల్ఫ్ ద ప్లెవిట్స్ సాయముతో 9,401 మంది పాత వలసదారులు గవర్నరుకు పెట్టుకొన్న అర్జీలో ఈ టిక్కెట్ల బాధ ముఖ్యమైనది. మరుసటి సంవత్సరము రాజకీయ విచారణ సంఘము దీవికి వచ్చినది. ఆనాటి ముఖములు నేడు మోకా ఊరిలోని మహాత్మాగాంధీ సంస్థ భాండాగారములో ఉన్నవి. తాతముత్తాతల వివరముల కొరకు అక్కడికి వెళ్లినవారు ఎరుగుదురు. ఒక్కొక్క ముఖము విడివిడిగా, ఒక సంఖ్యతో ఉండును. మొగునికి ఒక సంఖ్య, పెండ్లామునకు ఒక సంఖ్య. చేతులు లేవు. చెరకు కొట్టిన చేతులతో సర్కారుకు పని ఉన్నది గాని, ఆ ఫొటోకు వాటితో పని లేదు.

తల్లీబిడ్డలను కలిపి తీసిన ఫొటోలు ఆ కాలమున మన జాతికి లేకపోలేదు. చెప్పుటకు నోరు రాదు. 1876-78 నాటి ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములు మాడిపోయినప్పుడు, మద్రాసు సైన్యపు అధికారి విలబీ వాలెస్ హూపర్ కరువువాత పడిన కుటుంబములను గుంపులుగా కూర్చుండబెట్టి ఫొటోలు తీసినాడు. ప్రక్కటెముకలు లెక్కపెట్టదగిన పిల్లలు, వారిని ఆనించుకొన్న పెద్దలు. ఫొటో తీసినాడు గాని అన్నము పెట్టలేదని పత్రికలలో ఆయనపై నింద వచ్చినది. మేము అనునది మరొకటి. కుటుంబమును కుదురుగా అమర్చి కూర్చుండబెట్టు విద్యను మనవారిపై ఆ చేతులే ముందు ప్రయోగించినవి. మన పెద్దలలో చాలామంది అంతకు పూర్వమే కోరంగి రేవున ఓడ ఎక్కినవారు. కోరంగీలని ఇక్కడివారు మనలను పిలిచినది అందువలననే. వారు ఆ ఫొటోలలో లేరు. వదలి వచ్చిన అన్నదమ్ముల సంతానము ఉండియుండవచ్చును.

తొలి పుట్టినరోజు ఫొటో అని ఇప్పుడొక వేడుక చాండ్లర్‌లోను ఇతర చోట్లను వచ్చినది. ఏడాది బిడ్డ ముందు పెద్ద కేకు పెట్టి, దానిని రెండు చేతులతో చిదిమి ముఖమునకు, ఒంటికి పూసికొనునట్లు చేసి తీయుదురు. అన్నప్రాసన నాడు మేనమామ వెండిగిన్నెలో నుండి పరమాన్నము వ్రేలితో నాకించు ఫొటోకు, దీనికి మధ్య దూరమెంతయో పాఠకులే చూచుకొనవచ్చును. హూపర్ ఫొటోలు చూచిన కన్నులతో ఆ కేకు ఫొటోను మేము రెండవసారి చూడలేకపోయినాము.

సర్కారు టిక్కెట్టు నుండి స్టూడియో వరకు మనవారు నడిచిన దారి చిన్నది కాదు. చేతిలో నాలుగు డబ్బులు మిగిలిన తరువాత, పోర్ట్ లూయీ స్టూడియోకు కుటుంబమంతయు వెళ్లి తీయించుకొన్న పాత ఫొటోలు మన ఇండ్లలో ఇంకను ఉన్నవి. కొయ్యబొమ్మలవలె బిగిసి ఉన్నారని మన పిల్లలు వాటిని చూచి నవ్వుదురు. నిజమే, నవ్వు ఒక్కరి ముఖమునను లేదు. కాని చేతులు చూడుడు. తండ్రి అరచేయి మోకాలిమీద పరచి ఉండును, వ్రేళ్ల కణుపులు లావు. తల్లి ఒక చేత ఒడిలోని బిడ్డ నడుమును చుట్టి, రెండవ చేత ప్రక్కన నిలుచున్న పిల్లవాని జబ్బను పట్టి ఉండును. ఆ పట్టు ఎంత గట్టిదో చొక్కా ముడుతలో తెలియును. పెద్దపిల్ల చేయి తల్లి కుర్చీమీద, నాయనమ్మ చేయి అందరి వెనుక నుండి ఎవరి భుజముమీదనో. పిట్ట వచ్చుచున్నది చూడుమని ఫొటోగ్రాఫరు అనగా ఒక పిల్లవాడు మాత్రము నోరు తెరచి ఉండును. ఒక్కొక్క సంఖ్యగా విడదీసి వ్రాసినవారిని మరల ఒకరినొకరికి కలిపి కుట్టినట్లు ఉండును ఆ ఫొటో. బిగుసుకొని కూర్చుండుట వారికి కెమెరా భయమువలన మాత్రమే వచ్చినది కాదు. సర్కారు ఎదుట విడిగా నిలుచున్నవారు కలసి కూర్చుండుటలో ఉన్న గౌరవమది.

చాండ్లర్ ఫొటోలలో సహజత్వమున్నదని అందురు. మేము ఒప్పుకొనము. అందరు ఒకే ఛాయ బట్టలు కట్టి, చెప్పినప్పుడు ఒకరినొకరు చూచి, చెప్పినప్పుడు నడచి, చెప్పినప్పుడు నవ్వుటకంటె స్టూడియోలో కెమెరాను సూటిగా చూచుటయే సహజము. అక్కడ కెమెరా ఉన్నది, చూచినారు. ఇక్కడ కెమెరా లేనట్లు నటించవలెను, ఆ నటన నాలుగేండ్ల పిల్లకు కూడ నేర్పవలెను. వేసవిలో సూర్యుడు అక్కడ రాత్రి ఏడున్నర దాటినగాని క్రుంకడు. ఎండ సంగతి చెప్పనే అక్కరలేదు, ప్రక్కనున్న ఫీనిక్సులో 2023లో వరుసగా 31 దినములు వేడి 110 డిగ్రీలు, అనగా మన లెక్కలో 43కు పైగా ఉన్నది. బంగారు గడియ బిడ్డకు ఆకలి గడియ, నిద్ర గడియ. ఆ గంటలో తండ్రి గిలక ఊపి, తల్లి బ్రతిమాలి, మిఠాయి ఆశ చూపి రాబట్టిన నవ్వును ఆనందమని చట్రము కట్టించుచున్నారు. మరియొక చిన్న సంగతి: చెంపమీద అమ్మమ్మ పెట్టిన దిష్టిచుక్కను మచ్చయనుకొని ఫొటోగ్రాఫరు తుడిచివేసిన ఫొటోలు రెండు మా కంటబడినవి. దిష్టి నమ్మినను నమ్మకున్నను ఆ చుక్క ఒక చేయి చేసిన పని.

ఆ తల్లుల మాట కూడ వినవలెను. పని, వంట, బడి, ఇల్లు, వారమంతయు పరుగు. సంవత్సరమునకు ఒక్క సాయంకాలమైనను అందరము శుభ్రముగా, నవ్వుచు, ఒక్కచోట ఉన్నట్లు ఒక ఫొటో కావలెనని వారు కోరుట తప్పా? తప్పు కాదు. ఆంధ్రదేశములోని తల్లికి పంపునది తన అలసటను కాదు. మన పెద్దలు కూడ స్టూడియో ఫొటోకు అరువు కోటు తొడిగినవారే. చక్కగా కనబడవలెనను కోరికను మేము తప్పుపట్టుట లేదు. అలసటను దాచుకొనుడు, చేతిని దాచవద్దు అనుటయే.

అన్నిటికంటె మాకు కష్టముగా తోచినది పెద్దవారి సంగతి. వారు ఆరు నెలల గడువుకు వచ్చి, పిల్లలను పెంచి, వంట చేసి పోవుచున్నారు. ఫొటో నాడు సంచులు, పాలసీసా, మారుబట్టలు మోయుచున్నది వారే. బట్టల రంగు కలియలేదనియో, తరువాత వేరుగా తీయుదమనియో వారిని చట్రము బయట నిలుపుదురు. వేరుగా తీసిన ఫొటోలో తాత ఒక్కడు నిటారుగా, చేతులు ప్రక్కకు వ్రేలాడవేసి నిలుచుండును. మేము టిక్కెట్టు ఫొటోలు చాలా చూచినవారము, మాకు వేరేమి జ్ఞాపకము రావలెను?

చాండ్లర్ నుండి మాకు నచ్చిన ఫొటో ఒకటి వచ్చినది. ఆ ఊరిలో 1957 నుండి ఒక ఆచారమున్నది. ఎడారిలో గాలికి దొర్లు ముళ్లపొదలను పోగుచేసి, గోపురమువలె కట్టి, తెల్లరంగు చల్లి, దీపములు పెట్టి క్రిస్మసు చెట్టుగా ఊరి నడుమ నిలుపుదురు. ఆ ముళ్లపొద కూడ అమెరికాకు వలస వచ్చినదే, 1870లలో రష్యా నుండి వచ్చిన అవిసె విత్తనములలో కలిసి వచ్చినదందురు. తెలుగు కుటుంబములు కూడ దాని ముందు ఫొటో తీయించుకొనుట వాడుక. ఈ ఫొటోలో తల్లిదండ్రులు ముస్తాబై చక్కగా నిలుచున్నారు. మీట నొక్కు క్షణమున మూడేండ్ల బిడ్డ దీపముల వైపు దూకినది. ఎడమ ప్రక్క నుండి నేతచీర కొంగు, గాజులు, ఒక ముసలి చేయి చట్రములోనికి చొరబడి బిడ్డ గౌనును నడుమువద్ద పిడికిట పట్టినది. బిడ్డ ఏడ్చుచున్నది, తండ్రి నోరు తెరచి ఉన్నాడు, తల్లి ఒక్కతియే నవ్వుచున్నది. ఆ ప్రతిని పారవేయబోయి ఎందుకో పంపినామని వారు వెనుక వ్రాసినారు. దాని క్రింద బిడ్డ పేరు, తేదీ ఉన్నవి. ఆ చేయి ఎవరిదో కూడ వ్రాయుడని మేము ఉత్తరము వేసినాము.